సింథ్ మాస్టారి పాప

"ఇంత మోత మోగుతుంటే పిల్ల కళ్ళైనా తెరవదేంట్రా?"

తల్లి ఆ మాట అనేసరికి సింథ్ మాస్టారి చెయ్యి నాబ్ మీదే ఆగిపోయింది. ఆ పేరు స్టూడియోల వాళ్ళు పెట్టింది. సింథసైజర్ మీద కొత్త కొత్త శబ్దాలు తయారుచేసి ఇవ్వడమే అతని బతుకుతెరువు. పక్కనే ఉయ్యాలలో నెల నిండని కూతురు గుప్పిళ్ళు బిగించుకుని హాయిగా నిద్రపోతోంది.

"పసిపిల్లలు అంతే కదమ్మా."

"నిన్ను పెంచింది నేనేగా. గ్లాసు కింద పెట్టినా ఉలిక్కిపడి లేచేవాడివి. దీనికి అసలు వినబడుతోందంటావా?"

గుమ్మంలో నిలబడ్డ భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ అనుమానం ఆమెకూ ఉందని, పైకి అనలేక లోలోపలే నలిగిపోతోందని అతనికి అప్పుడే అర్థమైంది.

"ఉండండి, ఇప్పుడే తేల్చేద్దాం" అన్నాడు. ఆ ధీమా తెచ్చిపెట్టుకున్నదే.

పనిలో కూర్చుంటే ఒక మంద్ర స్వరాన్ని హోల్డ్ బటన్‌తో నిలిపి ఉంచడం అతని అలవాటు. ఇప్పుడూ అది గదిలో గుమ్మని ఎడతెగకుండా మోగుతూనే ఉంది. దాని మీదే మిగతావి పేర్చుకుంటాడు. ఫిల్టర్ అంటే స్వరానికి తలుపు లాంటిది. ఆ తలుపు ఎంత వేగంగా తెరుచుకోవాలో, ఎంత నెమ్మదిగా మూసుకోవాలో ఎన్వలప్ నాబ్‌లు చెబుతాయి.

ముందు తలుపు తెరుచుకునే వ్యవధిని, అంటే అటాక్‌ని, పూర్తిగా తగ్గించాడు. కీ నొక్కగానే స్వరం చెంప ఛెళ్ళుమన్నట్టు పేలింది. తల్లి అదిరిపడింది. పాప కదల్లేదు.

"ఇంకాస్త మెత్తగా పెట్టి చూడండి" అంది భార్య.

అటాక్ పెంచాడు. స్వరం మెల్లగా విచ్చుకుంది. తలుపు మూసుకునే తీరు చెప్పే డికే మార్చాడు, రిలీజ్ సాగదీశాడు. ఈలలా, చిటికెలా, పిల్లికూతలా, చేతనైన వేషాలన్నీ వేయించాడు. పాప పెదవులు పాలు తాగుతున్నట్టు కదిలి ఊరుకున్నాయి.

అతను కీల మీంచి చేతులు తీసేశాడు. "నా ఖర్మ చూశావా? ఊరందరికీ సౌండ్లు చేసి పెడతాను. నా బిడ్డకి ఒక్కటి వినిపించలేకపోతున్నాను."

"ఊరుకోండి. వినబడకపోతే మాత్రం మన పిల్ల కాకుండా పోతుందా? చేతులతో మాట్లాడుకోవడం నేర్చుకుందాం" అంది భార్య, అతని భుజం మీద చెయ్యి వేసి. అంటూ అంటూనే ఏడ్చేసింది.

తల్లి కళ్ళు ఒత్తుకుంది. "రేపే డాక్టరుకి చూపిద్దాం. ముందు ఆ గుమ్మనేదాన్ని కట్టెయ్ నాయనా, నా తల పగిలిపోతోంది."

అతను స్విచ్ ఆపేశాడు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

ఉయ్యాలలో గుప్పిళ్ళు విచ్చుకున్నాయి. పాప కళ్ళు తెరిచి, మొహం చిట్లించి, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది.

అతను కంగారుగా మళ్ళీ స్విచ్ వేసి ఆ స్వరమే నొక్కాడు. ఏడుపు ఆగింది. ఆపాడు. మళ్ళీ ఏడుపు. నొక్కాడు. పాప కళ్ళు మెల్లగా మూతలు పడ్డాయి.

"వింటోందండీ" అంది భార్య.

"వినక చస్తుందా? కడుపుతో ఉన్నన్నాళ్ళూ నీ పెళ్ళాం ఈ గది వదిలి కదిలిందా?" తల్లి కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఈ మోత లేకపోతే ఆ పిల్లకి నిద్రెక్కడ పడుతుందిరా!"