పచ్చ లైట్లు మూడు

మా తమ్ముడు నడుపుతున్న చిన్న విమానం చక్రాలు దిగకుండానే రన్‌వేను తాకి, పక్కకు జారి గోడను గుద్దుకుంది. వాడు పోయిన రోజే నేను, చక్రాలు సరిగ్గా చూడలేదని, ఆ విమానం మెకానిక్ మీద ఫిర్యాదు రాసిచ్చాను. అతణ్ణి పనిలోంచి ఆపేశారు.

వారం తర్వాత విచారణ అధికారి మా ఇద్దరినీ షెడ్డుకు పిలిపించాడు. జాకీల మీద నిలిపిన ఆ విమానంలో చక్రాల మీట కిందికి వేశాడు. మూడు చక్రాలూ చప్పుడు చేస్తూ దిగాయి, మీట పక్కన చక్రానికొకటి చొప్పున పచ్చ లైట్లు వెలిగాయి.

"చూశారా టీచరమ్మా? మీరు హంతకుడని రాసినవాడి పనితనం ఇదే," అన్నాడు మెకానిక్.

"మరి ఆ రోజు ఎందుకు దిగలేదు?"

"కూలినప్పుడు మీట పైకే ఉందమ్మా. ఆయన అసలు వేయలేదు," అన్నాడు అధికారి.

"వాడు మరిచిపోడండీ. దిగే ముందు చూసుకోవాల్సినవన్నీ వాడికి కంఠతా వచ్చు."

అధికారి ఆ రోజు విమానంలో రికార్డయిన టేపు వినిపించాడు. తమ్ముడి గొంతు గడగడా సాగింది.

"ఇంధనం సరే, చక్రాలు దిగాయి, పచ్చ లైట్లు మూడు, బెల్టు సరే..."

ఎక్కడా ఊపిరి తీసుకోలేదు.

"ఇవన్నీ రాసున్న కార్డు చూసి, ఒక్కోదాన్నీ చేత్తో తాకుతూ చదవాలి," మెకానిక్ గొంతు తగ్గింది. "ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాడు. 'మా అక్కకు ఒప్పజెప్పినవాణ్ణి, నాకు కార్డెందుకన్నా' అనేవాడు."

పైలట్ పరీక్షకు ముందు, వంటింట్లో వాడి చేతిలోంచి ఆ కార్డు లాక్కున్నది నేనే. ఒక్క గుక్కలో చెప్పేదాకా అన్నం పెట్టలేదు.

అధికారి నా ముందు కాగితం పెట్టాడు. మెకానిక్ తప్పేమీ లేదని రాశాను. తప్పు ఎవరిదో ఇంకా రాయలేదు.