గాలిలో గూటికి పట్టా

వాగు ఒడ్డున ఒక తుమ్మచెట్టుకు నలభై గూళ్ళు వేలాడేవి. వాటిలో ఒకటి చిట్టెమ్మ అనే పిచ్చుక గిజిగాడి దగ్గర కొనుక్కుంది. దానికి పట్టా లేదని పసిగట్టిన కాకి రోజూ వచ్చి, "ఖాళీ చెయ్, ఈ గూడు నాది" అని బెదిరించేది. చూస్తే గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది.

పట్టాలిచ్చే తాబేలు గవరయ్య చుట్టూ చిట్టెమ్మ రెక్కలు అరిగేలా తిరిగింది.

"గాలిలో ఊగే గూటికి హద్దులేమని రాయనమ్మా? కళ్ళారా చూడందే సంతకం పెట్టను," అన్నాడు గవరయ్య.

"అయితే వచ్చి చూడండి బాబూ."

"నేను చెట్టెక్కలేను కదా!"

చిట్టెమ్మ వెళ్ళి కోతిని బతిమాలింది. కోతి గవరయ్యను వీపున మోసుకొచ్చి చిటారుకొమ్మన కూర్చోబెట్టి, రేగుపళ్ళు తినడానికి పోయింది. ఇంతలో గాలి లేచి కొమ్మ ఊగింది. గవరయ్య తల డిప్పలోకి లాక్కున్నాడు.

"తూర్పున ఏముంది బాబూ?" అని చిట్టెమ్మ వినయంగా అడిగింది.

"గాలి!"

"పడమర?"

"అటూ గాలే తల్లీ! రాసిస్తాను, ముందు నన్ను దించండి!"

చిట్టెమ్మ ఆ కొమ్మ మీదే రాయించుకున్న పట్టా ముక్కున కరుచుకుని గూట్లో దూరి, హాయిగా కునుకు తీసింది. మిగతా ముప్పైతొమ్మిది గూళ్ళవాళ్ళూ గవరయ్య ముందు వరుస కట్టారు. ఆఖరి సంతకం పడ్డాకే కోతికి కబురు వెళ్ళింది.