ఆఖరి పేజీలో ఒక లైను

చిట్టియ్య చెరువులో తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలాయి.

ఆ మధ్యాహ్నం భీమవరంలో ఒక కాలేజీకి పంచె కట్టుకున్న పెద్దాయన వచ్చారు. లెక్చరర్ ఆశాజ్యోతి ముందు ఆమె పరిశోధన పత్రం జిరాక్సు పెట్టారు.

“ఈ మందు రొయ్యకి మంచిదని రాసింది మీరేనాండి?”

“నేనేనండి.”

“పరీక్షకి మందెవరిచ్చారు?”

“కంపెనీవాళ్లే. ల్యాబులో ఆ అద్దాల తొట్లు కూడా వాళ్లవే.”

“మరి ఆఖరి పేజీలో ‘ఏ కంపెనీతోనూ సంబంధం లేదు’ అని ఉందేంటండీ?”

ఆ లైను ఆమె అప్పుడే చూసింది. టైపు చేసే దుర్గాశ్రీ పాత పత్రం ఫైలు మీదే కొత్తది కొడుతుంది. ఆ లైను ఏళ్ల తరబడి అలాగే వస్తోంది.

“అందరి పత్రాల్లోనూ ఉండేదేనండి అది.”

“డీలరు ఆ లైనే చదివి వినిపించాడటమ్మా. సంబంధం లేని మేడమ్ చెప్పారు కదా అని చిట్టియ్య మందు చల్లేశాడు. తప్పు మందుదో, నీళ్లదో నేను చెప్పలేను. ఈ లైను మాత్రం తప్పు. దీన్ని అచ్చేసిన పత్రికకి రాసి దిద్దించండి.”

“రాస్తే తొట్లు పట్టుకుపోతారండి. నా పిల్లల ప్రాజెక్టులు ఆగిపోతాయి.”

“పట్టుకుపోరమ్మా.”

“మీకెలా తెలుసు? పోటీ కంపెనీ పంపిందా మిమ్మల్ని?”

పెద్దాయన నవ్వారు. “కాదండి.”

ఆమె నమ్మలేదు. పేరైనా అడగలేదు.

మర్నాడూ వచ్చారు. ఆ పై వారమూ వచ్చారు. క్లాసులో ఉన్నానని చెప్పమంది. ఆయన గది బయట బల్ల మీద గంటసేపు కూర్చుని, మడిచిన కాయితం ఒకటి అటెండరు అప్పాజీ చేతికిచ్చి వెళ్లిపోయారు.

ఆమె దాన్ని విప్పకుండానే సొరుగులో పడేసింది.

నెల తిరిగింది.

“బల్ల మీద కూర్చునే పెద్దాయన పోయారంటండి, మేడమ్. పేపర్లో ఫొటో వేశారు,” అన్నాడు అప్పాజీ, టీ గ్లాసు పెడుతూ.

“ఎవరంట?”

“ఎవరో రాజుగారండి. పేరు సరిగ్గా చూళ్లేదు.”

ఆమె సొరుగు లాగి కాయితం విప్పింది.

‘ఈ పరీక్షకు మందు, తొట్లు కంపెనీవారే ఇచ్చారు. ఆ సంగతి ముందు చెప్పనందుకు చింతిస్తున్నాను.’

దాని కింద ఆమె సంతకానికి చోటు వదిలారు.

ఆ కింద, వణికిన అక్షరాల్లో ఇంకో రెండు లైన్లు.

‘దీన్ని రాయమని అడుగుతున్న నాకూ సంబంధం ఉంది. ఆ కంపెనీ పెట్టింది నేనే. — భద్రిరాజు.’

ఆమె సంతకానికి వదిలిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.