అక్క కణాలు

అక్క పోయి నెల దాటింది. ఆమె రక్తంలోంచి తీసిన మూలకణాలను మాత్రం చెల్లెలు ల్యాబులో ఇంకా సాకుతూనే ఉంది. వాటిని రోగనిరోధక కణాలుగా పెంచి, అక్క కడుపులో పెరిగి ఆమెను తిన్న క్యాన్సర్ గడ్డను వెతికి చంపడం నేర్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అవి నేర్చుకునేసరికి అక్క లేదు.

రక్తమిచ్చిన రోజు అక్క నవ్వింది. "నా కణాలు కదా, నాలాగే బద్ధకం. పనుంటేగానీ కదలవు చూడు."

ఆ రాత్రి ల్యాబులో ఫ్రిజ్ మోత తప్ప చప్పుడు లేదు. మైక్రోస్కోపులో చూస్తే, డిష్‌లోని కణాలన్నీ ఆవలి అంచుకు చేరి ఉన్నాయి. ఆమె డిష్‌ను తిప్పి పెట్టింది. కాసేపాగి చూస్తే, మళ్ళీ ఆవలి అంచుకే చేరాయి.

"నా మీద అలిగావా అక్కా? అంత దూరం జరుగుతున్నావు."

వాచ్‌మన్ తలుపు దగ్గర ఆగాడు. "ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?"

"ఎవరూ లేరు బాబాయ్."

అతని అడుగుల చప్పుడు దూరమైంది. ఫ్రిజ్ మోత కూడా ఆగింది. ఇన్నేళ్ళ పనిలో ఎన్నడూ మరవనిది, ఈ రాత్రి మరిచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఈ మైక్రోస్కోపు దేన్నయినా తలకిందులుగా చూపిస్తుంది. తను ఆవలి అంచు అనుకున్నది ఈవలిది. తను కూర్చున్న వైపు.

డిష్‌లో గడ్డ ముక్క ఏదీ వేయలేదు.

స్టూలును బల్లకు అటుపక్కకు లాక్కుని కూర్చుంది. చాలాసేపటికి ధైర్యం చేసి చూసింది. కణాలన్నీ ఇటే వచ్చాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

ఆమె చెయ్యి మెల్లగా తన కడుపు మీదికి వెళ్ళింది.

అక్క ఊరికే అనలేదు. పనుంటేగానీ కదలవు.