హద్దురాయి పక్క సాలు

మా హెనాన్ సున్నపు నేలలో నా వేరుశెనగంతా పసుపుబారిపోయింది. పక్క పొలం చున్‌ఫెన్ వేసిన మొక్కజొన్నను ఆనుకున్న ఒక్క సాలే పచ్చగా ఉంది. ఈ ఏడు నా ఇంటికి నూనె రావాలంటే అదే దిక్కు. ఆమె చాటుగా దానికి మందు పెడుతోందనీ, పంట తీసేటప్పుడు తనదంటుందనీ నాకు అనుమానం.

“నా సాలుకేం పోస్తున్నావే?” అని నిలదీశాను.

చున్‌ఫెన్ నవ్వి నా సాల్లోంచి ఒక మొక్కను పెరికింది. దాని వేళ్లు మొక్కజొన్న వేళ్లతో పెనవేసుకుని ఉన్నాయి.

“మందా, నా మొహమా! నా మొక్కజొన్న వేళ్ల కాడ కంటికానని జీవాలున్నాయంటక్కా. మట్టిలో ఇనుము కరిగించి నీ మొక్కకీ పెడతాయంట. అది అందకే మిగతావి పసుపుబారాయంట. మట్టి పరీక్షకొచ్చినామె చెప్పింది. అయినా, మన సాళ్లు ఇంత దగ్గరకెప్పుడొచ్చాయి?”

నేను హద్దురాయికి అడ్డంగా నిలబడ్డాను. కిందటి చలికాలం హద్దురాయిని ఆమె పొలంలోకి జరిపింది నేనే.