లోపలి రింగు

చెప్పేదెవరో చూసి గాని చెప్పిన మాట వినరాదని ఎవరు శాసించారు?

ఈ ప్రశ్నకు తాండూరులో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అది 1961. వెంకటయ్యకు బతుకుతెరువు ఒక పాత కారు. కొడంగల్‌కు కిరాయికి తిప్పేవాడు.

ముందు చక్రంలో బేరింగు అరిగి మూలగసాగింది. ఆ పని తెలిసిన ముర్తుజా మిస్త్రీ చనిపోయి అప్పటికి నాలుగు నెలలు దాటింది.

వెంకటయ్యే చక్రం విప్పాడు. చక్రం నడిమి హబ్బును వాకిట్లో కట్టెదుంగ మీద పెట్టి, పాత బేరింగును నానా తంటాలూ పడి ఊడగొట్టాడు.

హైదరాబాదు నుంచి తెప్పించిన కొత్తది ఒక్కటే ఉంది. దాన్ని హబ్బు నోట పెట్టి సుత్తి ఎత్తాడు.

"లోపలి రింగు మీద కొట్టకు అన్నా!"

వాకిలి తలుపు దగ్గర బురఖాలో ఒక స్త్రీ. పక్కన రేకు పెట్టె.

"ఎవలు నువ్వు?"

"పని కోసం వచ్చిన."

వంటింట్లోంచి అతని భార్య హన్మమ్మ కేకేసింది. "గిన్నెలు తోమనీకె మైసమ్మ ఉన్నది. పనేం లేదు, పో!"

"గిన్నెల పని కాదమ్మా." ఆ స్త్రీ హబ్బునే చూస్తూ అంది. "అన్నా, హబ్బుల బిగుసుకునేది బయటి రింగు. దెబ్బ దానికే పడాలె. లోపలి దాని మీద పడితే నడుమ గుండ్లు అవి తిరిగే గాడిల గుంతలు చేస్తయి. అసలు సుత్తే వద్దు. హబ్బును నిప్పుల మీద జర వేడి చెయ్యి, చేత్తోనే దిగుతది."

వెంకటయ్యకు నవ్వాగలేదు. "బేరింగంటే బిర్యానీ అనుకున్నవా బీబీ, నిప్పుల మీద దమ్ పెట్టనీకె?"

లోపల హన్మమ్మ కూడా నవ్వింది.

ఆమె నవ్వలేదు. "ఒక్కసారి నా చేతికియ్యి. మంచిగ కూసుంటేనే పని ఇయ్యి. లేకుంటే సాయంత్రం బండికి గుల్బర్గాకు, మా అన్న ఇంటికి పోవాలె. ఆడికి పోతే ఇగ ఆళ్ల వంటింట్లనే నా బతుకు. పని దొరికితే ఈడనే ఉంట."

"ఆడోళ్లు ముట్టే సామానా గిది? నడువు, బండి అందదు."

ఆమె హబ్బు వైపు మరోసారి చూసింది. పెట్టె తనే ఎత్తుకుని స్టేషన్ దారి పట్టింది. సాగనంపడానికి వెంట ఒక్కరూ లేరు.

వెంకటయ్య లోపలి రింగు మీదే నాలుగు దెబ్బలు వేశాడు. బేరింగు కూర్చుంది.

మర్నాడు కొడంగల్ ఇంకా చేరకముందే చక్రం గరగరలాడి బిగుసుకుపోయింది.

"నీ కారు కన్న ఎడ్లే నయం గద, వెంకటయ్యా!" అంటూ ఎక్కినవాళ్లు దిగిపోయారు. చివరకు ఆ ఎడ్లే కారును ఇంటికి లాక్కొచ్చాయి.

విప్పి చూశాడు. గాడిలో వరుసగా, సమాన దూరంలో, గుండ్లు దిగిన గుంటలు.

ఆమె చెప్పింది చెప్పినట్టే జరిగింది.

వెంకటయ్య మిస్త్రీ ఇంటికి నడిచాడు. ఒకప్పుడు హబ్బును ఆ అరుగు మీద దించితే చాలు. నల్లద్దాలు పెట్టుకున్న మిస్త్రీ "రేపు రా" అనేవాడు. హబ్బు పరదా వెనక్కి పోయి, మర్నాటికి బాగై వచ్చేది.

ఇప్పుడు అరుగు మీద దుమ్ము. తలుపుకు తాళం.

పక్కింటి జహీరాబీ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"మిస్త్రీ బేరింగు ఎట్ల ఎక్కిస్తుండెనో ఎవలికన్న ఎరికనా, బీబీ?"

"మిస్త్రీ ఏడ ఎక్కిచ్చిండు? పదేండ్ల కిందనే ఆయనకు రెండు కండ్లు పోయె."

వెంకటయ్య తాళం వైపు చూశాడు. "మరి నా కారు మూడుసార్లు బాగు చేసింది ఎవలు?"

"ఆయన బీవి అమీనా. నేర్పింది ఆయన, చేసింది ఆమె. మొగని పేరు పోతదని ఎవలకీ చెప్పలె. మొగడు పోయినంక గడప దాటకుండ నాలుగు నెలల పది దినాలు ఇద్దత్ కూసున్నది. బయటికొచ్చి మొదలు నీ ఇంటికే వచ్చింది అన్నా, నిన్న."

మీ ఇంట్లో ఎవరి పేరున చెల్లుతున్న పనికి ఎవరి చేతులు అరుగుతున్నాయో, ఈ పుట తిప్పకముందే లేచి వెళ్లి చూడండి.