హంపమ్మ గిన్నె

"ఆ గిన్నె ఇంక ఎన్నిసార్లు తోముతావక్కా? తోమితే బంగారమయితాదా?" అంది వంటమనిషి జీవమ్మ.

కృపమణి ఇత్తడి గిన్నెను చింతపండు పిప్పితో మరోసారి రుద్ది, కడిగి, ఎండలో బోర్లించింది. గిన్నె తాలూకు మనిషి ఈరోజు వస్తానని కబురు పంపింది.

జీవమ్మ రాగిసంగటి పెట్టి తెచ్చిన తట్టను చూసి కృపమణి ఆకలి లేదంది. ఎండాకాలం నుంచీ ఇదే తంతు. ఇంత గంజి తాగి లేస్తుంది. దీపంలో నూనె పోయాలన్నా జీవమ్మనే పొయ్యమంటుంది.

వాళ్ళిద్దరూ పనిచేసే చిన్న మిషన్ ఆస్పత్రిలో ఇదివరకు ఆపరేషన్ గది నర్సు కృపమణి. రోగి ముక్కుమీద గుడ్డ వేసి మత్తుమందు చుక్కలు వేయడం ఆమె పని. ఎండాకాలంలో మద్దిలేటి అనే రైతు పేగు జారి వచ్చి చేరాడు. కడుపులో ఏమన్నా ఉంటే మత్తులో గొంతుకు అడ్డం పడుతుందనీ, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టించవద్దనీ అతని భార్య హంపమ్మకు కృపమణి మరీమరీ చెప్పింది. కాడి కట్టే ఎద్దుకైనా ముందు మేత వేస్తారు కదా అని హంపమ్మ గొణిగి ఊరుకుంది.

మరునాడు మద్దిలేటిని ఆపరేషన్ బల్ల ఎక్కించారు. ప్రేమయ్య డాక్టరు అటు తిరిగి చేతులు కడుక్కుంటున్నాడు. ఆయన ఇటు తిరిగేసరికి కృపమణి వంగి మద్దిలేటి మూతి తుడుస్తోంది. అతనికి ఊపిరి ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం డాక్టరు అడిగినప్పుడు, అతనేమీ తినలేదనీ తన చేతినుంచే చుక్కలు ఎక్కువ పడ్డాయనీ కృపమణి చెప్పింది. ఆ మాటే హంపమ్మకూ చేరింది. కృపమణిని ఆపరేషన్ గది నుంచి తప్పించి గుడ్డలు ఉడికించే పనిలో వేశారు.

ఇప్పుడు మిషన్ పెద్దలు ఆమెను పనిలోంచే తీసేయమని రాశారు. పొద్దున డాక్టరు పిలిపించి, నీ చెయ్యి ఎన్నడూ తప్పింది చూడలేదు, ఇంకోసారి ఆలోచించుకో, కాదని ఒక్క మాటంటే పైకి నేను రాస్తానన్నాడు. సాయంత్రం వరకు గడువిచ్చాడు.

ఎండ తిరిగే వేళకు హంపమ్మ వచ్చింది. వసారాలో నిలబడి కృపమణిని తేరిపార చూసింది.

"నా మొగుణ్ణి చంపింది నువ్వేనంట గదా?"

"నేనేనమ్మా."

"ఎంత నిమ్మళంగా చెప్తాండావు. నిద్ర పడతాండాదా నీకు?"

"లేదు."

"నాకు పడతాండాది. పొద్దున్నే లేచి నిన్ను కడుపారా తిట్టుకోని కూలికి పోతాండా. తిట్టేకి నువ్వన్నా ఉండావు. లేకుంటే ఆ బాయిలో పడి సచ్చుందును."

"తిట్టుకో తల్లీ" అంది కృపమణి.

హంపమ్మ వచ్చిన పని చెప్పింది. "నా గిన్నె ఈడనే మరిసిపోయినా. మాయమ్మ పెండ్లిలో పెట్టింది."

కృపమణి గిన్నె తెచ్చి ఇచ్చింది. హంపమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"యాడ దొరికినాది?"

"మంచం కింద."

"శానా తోమినావే. తోమితే పోతాదా నీ పాపం?"

గిన్నెను కొంగున మూటగట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఇంతా తోమి పెడితే ఆ మాటా అనేది అని జీవమ్మ నొచ్చుకుంది. కృపమణి చేతులు తుడుచుకుని డాక్టరు గదికి నడిచింది.

"ఏం ఆలోచించినావమ్మా?" అన్నాడాయన.

"చెప్పిందేనయ్యా. చుక్కలు ఎక్కువ పడినాయి."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

పొద్దు గూకేలోగా కృపమణి తన రెండు చీరలూ బైబిలూ పెట్టెలో సర్దుకుంది. జీవమ్మ ఏడుస్తూ, కడసారి ఇంత ఎంగిలిపడి పొమ్మని సంగటి తట్ట ముందుకు జరిపింది. కృపమణి ముఖం తిప్పుకుంది.

మద్దిలేటి మంచం కింద దొరికిననాడు, హంపమ్మ గిన్నెలో సగం తిన్న సంగటి ముద్ద ఉంది.